పదిహేడేళ్లు కదలని జీఎంసీ మోటార్‌హోమ్: ముందు బ్రేకులు, ఆ తర్వాతే ఇంజను

బండి 1976 మోడల్ జీఎంసీ మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండి. 26 అడుగుల పొడవు. ఓల్డ్స్‌మొబైల్ 455 ఇంజను, అంటే 7.5 లీటర్ల వీ8. మూడు గేర్ల ఆటోమేటిక్. ఇంజను ముందే, బండిని లాగేదీ ముందు చక్రాలే. వెనక ఒక్కో పక్కన రెండేసి చక్రాలు, వాటి మధ్య ఎయిర్ బ్యాగు. 1973 నుంచి 1978 దాకా మాత్రమే తయారైన బండి ఇది, మొత్తం దాదాపు 13 వేలు. డోరు ఫ్రేముకి అంటించిన ఆయిల్ స్టిక్కరు మీద 2007 అని ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఉన్నచోటే అప్పుడప్పుడు స్టార్ట్ చేసేవారట, ఆపైన అదీ మానేశారు. 2024లో నా చేతికి వచ్చేసరికి పదిహేడేళ్లు. పైన రేకుల షెడ్డు ఉండబట్టి ఎండా వానా పెద్దగా తగల్లేదు. కింద మాత్రం మట్టి నేల.

యజమాని పెద్దాయన. ఆయన అడిగింది ఒక్కటే: "ఒక్కసారి ఇంజను స్టార్ట్ చేసి వినిపించు బాబూ, మిగతావి నిదానంగా చూద్దాం." ఆ ఆశ నాకు అర్థమవుతుంది. ఇలాంటి బండి తెచ్చిన ప్రతివాళ్లూ ముందు అదే అడుగుతారు. "స్టార్ట్ అవుతుందండీ, అది నాకు పెద్ద టెన్షన్ కాదు. స్టార్టయ్యాక ఆగుతుందా అన్నది ముందు చూద్దాం" అన్నాను. నిండా సామానుతో ఐదు టన్నులు దాటే బండి ఇది. కదిలిందంటే దాన్ని ఆపగలగాలి.

ఈ పనిలో నేను నమ్మేది ఒకటుంది. ఎక్కువ కాలం ఆగిన బండిలో ఇనుము చాలావరకు తట్టుకుంటుంది. పాడయ్యేవి రబ్బరూ, ద్రవాలూ. పెట్రోలు జిగురైపోతుంది, బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, పైపులు లోపల ఉబ్బుతాయి, పైన పగులుతాయి. పని వరస నిర్ణయించేది ఇవే. ఈ బండిలో అన్నిటికంటే ఎక్కువ సతాయించింది కూడా బెత్తెడు రబ్బరు ముక్కే.

చేయి పెట్టక ముందు

ఎయిర్ బ్యాగుల్లో గాలి లేక బండి వెనక భాగం కూలబడి ఉంది. ఈ మోడల్‌లో ఇది చాలా ప్రమాదం. గాలి నింపితే లేస్తుంది, కానీ అతుకు ఒకటి ఊడితే క్షణంలో కిందికి దిగిపోతుంది. అప్పుడు కింద మనిషి ఉంటే అంతే సంగతులు. అందుకే ముందు మట్టి మీద మందపాటి చెక్కలు పరిచి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దించాను. ఎయిర్ బ్యాగులనీ జాకీలనీ నమ్ముకుని బండి కిందికి దూరేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

టైర్లు ఆరూ చూడ్డానికి బాగున్నాయి. ట్రెడ్డు అరగలేదు. కానీ పక్క గోడ మీద డాట్ కోడ్ చివర 1804 అని ఉంది, అంటే 2004లో 18వ వారంలో తయారైనవి. ట్రెడ్డు ఎంత లోతున్నా ఇరవై ఏళ్ల టైరు రోడ్డు మీదికి పనికిరాదు. ఇక్కడ ఇంకో చిక్కు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన రిమ్ములు 16.5 అంగుళాలవి. ఆ సైజు టైర్లు ఇప్పుడు దొరకడం కష్టం. అర అంగుళమే కదా అని 16 అంగుళాల టైరు దాని మీద ఎక్కించబోయేవాళ్లు ఉంటారు. ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకండి. అంచు సరిగ్గా కూర్చోదు, గాలి పట్టేటప్పుడే పేలి ప్రాణం తీయొచ్చు. టైర్లతో పాటు రిమ్ములు కూడా 16కి మార్చడమే దారి. ఇక్కడ అదే చేశాం.

ఎయిర్ క్లీనర్ మూత తీస్తే నిండా ఎలుకల గూడు. అలాంటిచోట పొడి చీపురు వేయకూడదు. ఎలుక రెట్టల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బులొస్తాయి. మాస్కు పెట్టుకుని, క్రిమిసంహారకం నీళ్లు చల్లి, తడిసి నానాకే ఎత్తాను. డాష్‌బోర్డు వెనక రెండుచోట్ల వైర్లు కొరికి ఉన్నాయి. పాత బ్యాటరీ తీసేసి, కొత్తది పెట్టే ముందు ఆ రెండుచోట్లా వైరు కొత్తది వేశాను. వెనక లైట్లు వెలగకపోవడానికి కారణం బల్బులు కాదు, తుప్పు పట్టిన ఎర్తు. ఇలాంటి బండ్లలో ఏ లైటు వెలగకపోయినా ముందు ఎర్తు స్క్రూ విప్పి గీకి చూడాలి.

డిప్‌స్టిక్ తీసి మట్టం చూడటమే కాదు, వాసన కూడా చూడాలి. పెట్రోలు వాసన కొట్టిందంటే ఇంజనుతో నడిచే పెట్రోలు పంపు లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగి పెట్రోలు సంపులోకి, అంటే ఇంజను అడుగున ఆయిల్ ఉండే గిన్నెలోకి, దిగిందని అర్థం. ఇందులో ఆయిల్ నల్లగా ఉంది గానీ పెట్రోలు వాసన లేదు, మట్టం పెరగలేదు.

బ్రేకులు

పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ మూత తీస్తే ఆయిల్ నల్లబడి, అడుగున మడ్డి. ముందు డిస్కులు, వెనక నాలుగు డ్రమ్ములు. ముందు కుడి చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. ఇలా పట్టేసినప్పుడు తప్పు ఎక్కడుందో తేలిగ్గా తెలుసుకోవచ్చు. ముందు మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేశాను, చక్రం వదల్లేదు. తర్వాత చక్రం దగ్గర డిస్కుని పట్టే క్యాలిపర్ మీద బ్లీడర్ (ఆయిల్ వదిలే స్క్రూ) వదులు చేశాను. ఆయిల్ చిమ్మింది, చక్రం వదిలింది. అంటే ఒత్తిడి ఆ రెంటి మధ్యే చిక్కుకుని ఉంది, అక్కడున్నది రబ్బరు హోసు. బయట నుంచి చూస్తే ఆ హోసు శుభ్రంగా ఉంది. కోసి చూస్తే లోపల గోడ ఉబ్బి, దారి సూది మొన పట్టేంత మాత్రమే మిగిలింది. పెడల్ తొక్కితే ఆ బలానికి ఆయిల్ అటు పోతుంది, వదిలాక వెనక్కి రాదు. ఇలాంటి హోసుతో రోడ్డెక్కితే కొన్ని కిలోమీటర్లలోనే డిస్కు ఎర్రగా కాలుతుంది.

వెనక పరిస్థితి ఇంకా దారుణం. ఎడమ పక్క మొదటి డ్రమ్ము చుట్టూ మెల్లగా కొట్టి బయటికి లాగగానే బ్రేకు షూ లైనింగు మొత్తం ఒకే ముక్కగా ఊడి నా చేతిలో పడింది. రివెట్లు లేకుండా జిగురుతో అంటించిన లైనింగు అది. తేమకి ఆ జిగురు కింద ఇనుము తుప్పు పట్టి, పొర లేచిపోయింది. బయట నుంచి మందం కొలిస్తే కొత్తదాని కిందే లెక్క. నాలుగు వీల్ సిలిండర్లలో రెండింటి పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. నాలుగు డ్రమ్ముల్లోనూ షూలు, సిలిండర్లు, హోసులు మార్చాను. మాస్టర్ సిలిండర్ కొత్తది. ఇనుప పైపులు మాత్రం బాగున్నాయి, షెడ్డు చలవ. హ్యాండ్ బ్రేకు కేబుళ్లకి నూనె పట్టించి, వాలు మీద బండి నిలబడేదాకా బిగించాను.

ఇదంతా అయ్యేదాకా సెల్ఫ్ కొట్టలేదు. పెద్దాయన ఓపిగ్గా పక్కనే కూర్చుని చూశారు. ఊడిన లైనింగు ఆయన చేతిలో పెట్టాక ఇంజను మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంజను

స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున క్రాంకు బోల్టుకి పొడవాటి రాడ్డు తగిలించి చేత్తో తిప్పితే మెల్లగా కదిలింది. బలవంతం చేయాల్సి వస్తే ఆపేసి ఇంకా నానబెట్టాలి. బిగుసుకున్న ఇంజను మీద సెల్ఫ్ మోటారు బలం వాడితే పిస్టన్ రింగులు విరుగుతాయి.

ఈ ఇంజనులో ప్రత్యేకంగా చూడాల్సింది టైమింగ్ చైను, అంటే క్రాంకుతో పాటు వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే చైను. కంపెనీ వేసిన క్యామ్ గేరు పళ్లకి నైలాన్ పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి, ముక్కలై సంపులో పడి, ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. కవరు విప్పకుండానే దీని సంగతి కొంత తెలుసుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంకుని ముందుకి తిప్పి గుర్తు సున్నా దగ్గర ఆపాలి. ఇప్పుడు రోటర్ వైపే చూస్తూ క్రాంకుని వెనక్కి తిప్పాలి. రోటర్ కదలడం మొదలయ్యేలోపు క్రాంకు ఎన్ని డిగ్రీలు ఊరికే తిరిగిందో అదే చైను వదులు. పది డిగ్రీలు దాటితే నేను కవరు విప్పేస్తాను. ఇక్కడ నాలుగే. కాగితాల్లో చూస్తే 1991లో స్టీలు గేరు వేయించిన బిల్లు కూడా దొరికింది. ముందు యజమాని బిల్లులు దాచి ఉంచడం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

ఆయిలూ ఫిల్టరూ మార్చాను. ఫ్లాట్ ట్యాపెట్ ఇంజను (ట్యాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ నడిచే రకం) కాబట్టి జింకు ఎక్కువున్న ఆయిలే పోశాను. ప్లగ్గులు పెట్టకుండా, ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి సెల్ఫ్ కొట్టాను. కంప్రెషన్ లేకపోవడంతో ఇంజను తేలిగ్గా తిరిగి ఆయిల్ ప్రెషర్ మీటరు లేచింది. అప్పుడు కంప్రెషన్ కొలిచాను: ఆరు సిలిండర్లు 130 నుంచి 145 పీఎస్‌ఐ మధ్య, ఒకటి 120, ఇంకోటి 85. ఆ 85 దాంట్లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే బాగా పెరిగింది. అంటే వాల్వు కాదు, రింగు అతుక్కుపోయింది. ఇలాంటివి ఇంజను వేడెక్కి నాలుగు రోజులు నడిస్తే చాలాసార్లు వాటంతటవే వదులుతాయి. విప్పాల్సిన పని లేదని చెప్పి ముందుకెళ్లాను.

కార్బొరేటర్ క్వాడ్రాజెట్ అనే రకం. విప్పితే అడుగున జిగురు, యాక్సిలరేటర్ పంపు తోలు ఎండి ముడుచుకుపోయింది. ఫ్లోట్ ప్లాస్టిక్ నురుగుతో చేసింది, ఏళ్ల తరబడి పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది. అది మునిగితే పెట్రోలు పొంగుతుంది. కిట్టుతో పాటు ఫ్లోటు కూడా కొత్తదే వేశాను. కార్బొరేటర్ అడుగున రంధ్రాలు మూసే ప్లగ్గులు కారుతున్నాయేమో చూసి సీలు చేశాను. పెట్రోలు పంపు కూడా కొత్తదే. పాతది అప్పటికి బాగానే ఉన్నా ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఆ డయాఫ్రమ్ ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

మొదటి స్టార్టు పక్కన పెట్టుకున్న చిన్న డబ్బాలోని కొత్త పెట్రోలుతో. ఈ బండిలో ఇంజను ముందు భాగంలో, లోపలి మూత కిందే ఉంటుంది. చుట్టూ ఫైబర్‌గ్లాస్, చెక్క. అందుకని మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని, ఇంకో మనిషిని పక్కన నిలబెట్టాకే తాళం తిప్పాను. పట్టింది. ట్యాపెట్లు కాసేపు టకటకమన్నాయి, ఆయిల్ ఎక్కాక సద్దుమణిగాయి. పెద్దాయన మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

లోడు పడితే చచ్చిపోయే ఇంజను

ట్యాంకులు రెండు, ఒక్కోటి సుమారు 95 లీటర్లది. కిందికి దించితే లోపల వార్నిష్ కంపు. ఖాళీ చేసి, కడిగి, పిక్‌అప్ జాలీలు కొత్తవి వేశాను. ట్యాంకుల దగ్గర, ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో మార్చే సెలెక్టర్ వాల్వు దగ్గర, పంపు దగ్గర రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేశాను. కొత్త పెట్రోలు పోసి రోడ్డెక్కాను.

స్లో రన్నింగులో ఎంతసేపైనా తిరుగుతోంది. సమంగా ఉన్న రోడ్డు మీద మెల్లగా పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కొద్దిసేపటికే దగ్గడం, ఆ తర్వాత ఆగిపోవడం. నిమిషం ఆగితే మళ్లీ స్టార్ట్.

చూసినవాళ్లంతా వేపర్ లాక్ అన్నారు, అంటే వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై పంపుకి అందకపోవడం. అన్నందుకు కారణం ఉంది. ఈ మోడల్‌కి ఆ పేరుంది. ఇప్పటి పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది, పంపు వేడి ఇంజను మీదే ఉంటుంది. ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టేయమని సలహా. నాకు అది నచ్చలేదు, ఎందుకంటే లక్షణాలు సరిపోవట్లేదు. వేపర్ లాక్ అయితే ఎండలో, వేడి ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఎక్కువ బాధించాలి. ఇది చల్లటి పొద్దున కూడా, ఎత్తు మీద, అదే పద్ధతిలో వస్తోంది.

విడగొట్టి చూశాను. సెలెక్టర్ మార్చి రెండో ట్యాంకు మీద నడిపితే అదే కథ. రెండు ట్యాంకులూ, రెండు జాలీలూ ఒకేలా పాడయ్యే అవకాశం తక్కువ. పంపు దగ్గర పైపు విప్పి చిన్న డబ్బా తగిలిస్తే అదే ఎత్తు చక్కగా ఎక్కింది. అంటే కార్బొరేటర్, పంపు, ఇగ్నిషన్ అన్నీ బాగున్నట్టే. మిగిలింది సెలెక్టర్ వాల్వు నుంచి పంపు దాకా ఉన్న దారి.

ఆ దారిలో రెండే జరగొచ్చు: అడ్డం పడటం, లేదా గాలి పీల్చడం. ఈ రెంటినీ విడదీయడానికి పంపు ముందు వ్యాక్యూమ్ మీటరు, జానెడు పారదర్శకమైన పైపు పెట్టాను. అడ్డం పడితే పంపు గట్టిగా లాగుతుంది, మీటరు ముల్లు పైకి పోతుంది. గాలి పీలిస్తే ముల్లు లేవదు. బండి స్టాండ్ల మీద ఉండగా రేసు పెంచి చూశాను. ముల్లు దాదాపు కదల్లేదు, పైపులో సన్నటి బుడగలు వరసగా వస్తున్నాయి. ఎంత రేసిస్తే అన్ని బుడగలు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో ఒత్తిడి ఉండదు, పీల్చడం ఉంటుంది. అక్కడ చిల్లు పడితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి ఉండదు, వాసన రాదు. బండి కిందికి టార్చి వేసి ఎంతసేపు వెతికినా ఏమీ కనబడదు. స్లో రన్నింగులో ఇంజనుకి కావాల్సింది కొంచెమే కాబట్టి గాలి కలిసినా సరిపోతుంది. లోడు పడగానే కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. క్వాడ్రాజెట్ గిన్నె చిన్నది కూడా.

పైపుని రెండు చివర్లా విప్పి, పెట్రోలు పూర్తిగా వంచేసి, ఒక చివర మూసి, ఇంకో చివర చేతి పంపుతో మూడు నాలుగు పీఎస్‌ఐ గాలి ఎక్కించాను. సబ్బు నీళ్లు రాసుకుంటూ, పైపు వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్లాను. ఛాసిస్ పైన, ఫ్లోరుకీ ఛాసిస్‌కీ మధ్య సందులో దొరికింది. ఎప్పుడో ఎవరో ఇనుప పైపు తుప్పు పట్టినచోట కోసేసి, నాలుగంగుళాల రబ్బరు ముక్కతో అతికారు. కంపెనీ పైపులో అక్కడ అతుకే ఉండదు, కింద నుంచి చూస్తే అసలు కనబడదు. బయటికి తీసి వంచితే వంపు మీద వెంట్రుక మందం పగుళ్లు నోళ్లు తెరిచాయి, వదిలితే మూసుకున్నాయి. ఆ ముక్క తీసేసి, అంత దూరం కొత్త ఇనుప పైపు వేశాను. అదే ఎత్తు, అదే బండి, మళ్లీ దగ్గలేదు.

అప్పుడు ఆ సలహా విని కరెంటు పంపు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వెనక నుంచి ఒత్తిడితో నెడితే గాలి పీల్చడం ఆగిపోయేది, బండి బ్రహ్మాండంగా నడిచేది. అదే పగుళ్లలోంచి పెట్రోలు బయటికి, సైలెన్సర్ పైపు ఉన్న వైపుకే చిమ్మేది. కరెంటు పంపు తప్పని నేననను. వేపర్ లాక్ నిజంగా ఉన్న బండికి అది మంచి మందు, ఆయిల్ ప్రెషర్ పడిపోతే పంపుని ఆపేసే స్విచ్చుతో కలిపి పెడితే. కానీ దారిలో ప్రతి అంగుళం చూసి, అతుకులన్నీ తేల్చుకున్నాకే.

మిగతావి

గేరుబాక్సు గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి ఆగినప్పుడు టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగి, డిప్‌స్టిక్ మీద మట్టం చాలా ఎక్కువ చూపిస్తుంది. అది చూసి ఆయిల్ తీసేయకూడదు. వేడెక్కాక, ఇంజను తిరుగుతుండగా, పార్కులో పెట్టి చూసిన మట్టమే లెక్క. ఫైనల్ డ్రైవుకి ఆయిల్ వేరు, దాన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. ముందు యాక్సిళ్ల రబ్బరు బూట్లు పగిలి ఉంటే మార్చి కొత్త గ్రీజు పెట్టాను. రేడియేటర్ కడిగించి, థర్మోస్టాట్, బెల్టులు, నీళ్ల హోసులు అన్నీ కొత్తవి వేశాను. ఇంజను వేడినీళ్లు వెనక ఉన్న వాటర్ హీటర్ దాకా వెళ్లొచ్చే పైపులు ప్రస్తుతానికి కలపలేదు. అంత పొడవున పాత రబ్బరుని నమ్మి దారి మధ్యలో నీళ్లు పోగొట్టుకోవడం దేనికి?

గ్యాసు సిలిండర్ వాల్వు మూసే ఉంచాను. రెగ్యులేటర్, హోసులు మార్చి, ప్రెషర్ టెస్టు నిలబడ్డాకే స్టవ్వు వరకు తెరిచాం. గ్యాసు డిటెక్టర్ కొత్తది, పాతదానికి గడువెప్పుడో దాటింది. గ్యాసుతో నడిచే ఫ్రిజ్జు జోలికి వెళ్లొద్దని పెద్దాయనకి గట్టిగా చెప్పాను. వెనక పైపుల మీద పసుపు మరకలున్నాయి, అమ్మోనియా బయటపడిన గుర్తు అది. మార్చాల్సిందే.

కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ కొలిస్తే 85 ఉన్న సిలిండర్ 120కి వచ్చింది. పెట్రోలు ఫిల్టర్ విప్పి చూస్తే సన్నటి తుప్పు పొడి ఉంది, మార్చాను. ట్యాంకులు ఎంత కడిగినా మొదట్లో ఇది తప్పదు, ఇంకోటి బండిలోనే ఉంచమన్నాను. చక్రాల నట్లు కొత్త రిమ్ముల మీద మళ్లీ బిగించాను. జనరేటర్ కార్బొరేటర్ విప్పాలి, అది ఇంకా బెంచి మీదే ఉంది. వెనక ఎడమ ఎయిర్ బ్యాగు రాత్రికి ఒక అంగుళం దిగుతోంది. రెండు పక్కలా మార్చేదాకా దగ్గర దూరాలకే తిప్పమని, ఆపినచోట దాని కిందికి ఎవరినీ వెళ్లనివ్వొద్దని చెప్పి తాళాలు ఇచ్చాను.